పళ్ల కోసం ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె, పొగాకు వేస్తాం. నాలుగేళ్ల కిందట కింది దవడ పళ్లు రెండు పీకించుకున్నాను. ఇప్పుడు ఒంగోలులో డాక్టరు గారు అక్కడ ఎముక 4 మిల్లీమీటర్లకు సన్నబడింది, గ్రాఫ్ట్ వేసి (అంటే ఎముక పెరగడానికి అక్కడ ఎముక పదార్థం పెట్టి) తర్వాత రెండు ఇంప్లాంట్లు (పన్ను వేరు బదులు ఎముకలో దించే స్క్రూలు) పెట్టాలన్నారు. మొత్తం 1,30,000. 12 నెలల వడ్డీ లేని ఈఎంఐ ఉందట, ఒకేసారి కడితే 8,000 తగ్గిస్తారట. జూన్‌లో పాప ఫీజుకని వేసిన 1,50,000 ఎఫ్‌డీ ఉంది. రోజుకు రెండు చుట్టలు అలవాటు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ 8,000 తగ్గింపే వడ్డీ అండీ. 1,22,000కి అయ్యే పనికి నెలకు 10,833 చొప్పున ఏడాది కడితే లెక్క ఏడాదికి దాదాపు 12 శాతం తేలుతుంది, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటే ఇంకా ఎక్కువ. అదీగాక మీకు డబ్బు నెలనెలా రాదు, పొగాకు బేళ్లు వేలానికి వెళ్లాకే వస్తుంది. జనవరిలో పొగాకు కాల్చే బ్యారన్ ఖర్చుల మధ్య ఈఎంఐ ఎక్కడి నుంచి తెస్తారు?

అసలు ఈ వైద్యమే విడతలుగా జరుగుతుంది. మామూలు ఇంప్లాంట్ మందం 4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, దానికి అటూ ఇటూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు ఎముక మిగలాలి కాబట్టి మీ 4 చాలదు, గ్రాఫ్ట్ మాట నిజమే. సన్న ఇంప్లాంట్లు ఉన్నాయి గానీ నమిలే పళ్ల దగ్గర బరువు ఎక్కువ, అవి సరిపోతాయా అని ఒక మాట అడగండి. ఆ 4 అనే కొలత సీబీసీటీ స్కాన్‌లో (దవడను 3డీలో చూపే స్కాన్) తేలిందా, మామూలు ఎక్స్‌రే చూసి చెప్పారా అన్నదీ అడగండి, ఎక్స్‌రేలో ఎముక వెడల్పు కనబడదు.

గ్రాఫ్ట్ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు. ఇప్పుడు వేయించుకుంటే ఇంప్లాంట్ల సమయానికి వేలం మొదలై ఉంటుంది, వాటి మీద పెట్టే పళ్ల క్యాపులు ఆ తర్వాత మరో మూడు నెలలకు. అంటే ఇప్పుడు కావాల్సింది స్కాన్, గ్రాఫ్ట్ డబ్బులే. ఎస్టిమేట్ విడివిడిగా రాయించుకుని, ఏ పని అయితే దానికే కడతానని చెప్పండి. మొత్తానికి ఈఎంఐ పెట్టారనుకోండి, ఫైనాన్స్ కంపెనీ క్లినిక్‌కి ముందే ఇచ్చేస్తుంది, మధ్యలో పని ఆగినా మీ వాయిదా ఆగదు.

మొదటి విడతకు ఎఫ్‌డీ తీయకండి, దాని మీద లోను అడగండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతమే ఎక్కువ, వాడుకున్నంతకే వడ్డీ. వేలం డబ్బు పడగానే తీర్చేయండి, జూన్ ఫీజుకు ఇబ్బంది ఉండదు. హెల్త్ పాలసీ మీద ఆశ పెట్టుకోకండి, ప్రమాదంలో పళ్లు పోతే తప్ప చాలా పాలసీలు ఇంప్లాంట్లకు ఇవ్వవు.

“ఈ వారమే సంతకం పెట్టాలి” అని ఎవరైనా తొందర పెడితే వినొద్దు. ఎముక ఎక్కువగా తరిగేది పన్ను తీసిన మొదటి ఏడాదే, మీకు నాలుగేళ్లయింది, ఒక నెల ఆగినా మించిపోయేది లేదు.

పొగాకు రైతుతో ఈ మాట అనడం నాకూ ఇబ్బందే గానీ, చుట్ట తాగేవాళ్లకు గ్రాఫ్ట్, ఇంప్లాంట్ రెండూ ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ. డాక్టరు గారి దగ్గర దాచకండి. మానడం మీ వల్ల అవుతుందో లేదో ఆ నెల రోజుల్లో తేల్చుకుని, అప్పుడు బ్యాంకుకు వెళ్లండి.