మామగారికి స్వైన్ ఫ్లూ అన్నారు. మూడో రోజు జ్వరం తగ్గింది. ఇక భయం లేనట్టేనా?

చెల్లెమ్మా, చిత్తూరు నుంచి మీరు రాసింది చదివాను. పంది మాంసం ముట్టని ఇంట్లో ఈ జబ్బు ఎలా వచ్చిందనీ, జ్వరం దిగింది కాబట్టి ఇక నిశ్చింతగా ఉండొచ్చా అనీ అడిగారు. రెండోదానికే ముందు జవాబు చెప్తాను, మా ఇంట్లో మేము పొరపాటు పడింది అక్కడే. నిశ్చింతగా ఉండకండి. ఇంకో నాలుగైదు రోజులు ఆయన ఊపిరిని కనిపెట్టుకుని ఉండండి.

మాది తిరుపతి, కొర్లగుంట. 2015 జనవరి ఆఖర్లో మా అమ్మకు వచ్చింది. అప్పటికే అరవై దాటాయి, పదిహేనేళ్లుగా షుగరు. ఒక పెళ్లికి పోయి వచ్చిన రెండో రోజు మొదలైంది. మామూలు జలుబు మెల్లగా వస్తుంది. ఇది అలా కాదు, మధ్యాహ్నం వంట చేసిన మనిషి చీకటి పడేసరికి మంచం దిగలేకపోయింది. చలి, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు. వైరస్ సోకాక సాధారణంగా 1 నుంచి 4 రోజుల్లో బయటపడుతుంది కాబట్టి పెళ్లిలోనే అంటుకుని ఉంటుంది.

దగ్గర్లోని ఒక క్లినిక్‌లో వైరల్ ఫీవర్ అని పారాసిటమాల్, ఒక యాంటీబయాటిక్ ఇచ్చారు. షుగరు ఉందని చెప్పినా స్వైన్ ఫ్లూ మాట ఎత్తలేదు. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదని అప్పుడు మాకూ తెలియదు. మూడో రోజు జ్వరం 99కి దిగింది. గండం గడిచిందనుకున్నాం.

నాలుగో రోజు పొద్దున అమ్మ వాకిట్లో కూర్చుని కనకాంబరాలు కడుతోంది. పూలు కట్టేటప్పుడు మా అమ్మకు చేయీ ఆగదు, మాటా ఆగదు. ఆ రోజు నాలుగు పూలకొక ముడి వేసి ఆగుతోంది, గాలి పీల్చుకుంటోంది. "కాఫీ... తాగినావా... నాయనా" అని మూడు ముక్కలుగా అడిగింది. చేయి పట్టుకుని చూస్తే గోళ్లు నీలంగా ఉన్నాయి. అలాగే ఆటో ఎక్కించి రుయా ఆసుపత్రికి తీసుకుపోయాం.

అక్కడి డాక్టరమ్మ చెప్పింది నాకింకా గుర్తుంది. ఈ వైరస్ ముందు ముక్కు, గొంతు, శ్వాసనాళం లోపలి పొరను పట్టుకుంటుంది. చాలామందికి అక్కడితోనే ఆగి వారంలో తగ్గిపోతుంది. కొందరికి ఊపిరితిత్తుల్లోకి దిగి, గాలి నిండాల్సిన చిన్న చిన్న తిత్తుల్లో నీరు చేరుతుంది. దెబ్బతిన్న పొర మీద బ్యాక్టీరియా కూడా చేరితే న్యుమోనియా. తగ్గిన జ్వరం మళ్లీ వచ్చి దగ్గు ఎక్కువైతే దాన్ని అనుమానించాలి. వైరస్‌కు ఓసెల్టమివిర్ ఇచ్చారు, పెద్దవాళ్లకు మామూలుగా 75 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. మొదటి 48 గంటల్లో వేస్తే బాగా పని చేస్తుంది. మేము ఆలస్యంగా పోయాం, అయినా సీరియస్‌గా ఉన్నవాళ్లకు ఆలస్యమైనా ఇస్తారు. అమ్మ తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికి వచ్చింది.

మీ మామగారికి మందు మొదలుపెట్టి ఉంటే మధ్యలో ఆపకండి. కిడ్నీ సమస్య ఉంటే డాక్టరుకు చెప్పండి, డోసు మారుతుంది. ఆయన నిద్రపోతున్నప్పుడు గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు ఛాతీ లేస్తోందో లెక్కపెట్టండి. 12 నుంచి 20 మామూలు. 24 దాటినా, ఆక్సిజన్ మీటరులో 94 కంటే తగ్గినా, ఛాతీ నొప్పి, మగత, కఫంలో రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగకండి.

ఇక పంది సంగతి. 2009లో మెక్సికో, అమెరికాల్లో బయటపడిన ఈ హెచ్1ఎన్1 వైరస్‌లో పందులు, పక్షులు, మనుషుల ఫ్లూ వైరస్‌ల జన్యువులు కలిసి ఉన్నాయి, అందుకే ఆ పేరు. ఉడికించిన మాంసంతో రాదు. మనిషి దగ్గు, తుమ్ము తుంపరల నుంచి, ఆ చేతులతో ముక్కు, నోరు ముట్టుకోవడం నుంచి మనిషికి వస్తుంది. ఇప్పుడిది ఏటా వచ్చే ఫ్లూల్లో ఒకటి. మన దేశంలో జనవరి నుంచి మార్చి దాకా, మళ్లీ వానాకాలంలో ఎక్కువ.

మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, ఐదో నెల అని, మామగారికి అన్నీ మీరే చూస్తున్నారని. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. గర్భిణులకు ఈ జబ్బు త్వరగా ముదురుతుంది. లక్షణాలు కనిపించడానికి ఒకరోజు ముందు నుంచి వారం దాకా రోగి నుంచి అంటుతుంది. మామగారి సేవ మీ ఆయనకు అప్పజెప్పండి, ఆయన మాస్కు కట్టుకుని చూసుకోవాలి. మీరు వేరే గదిలో పడుకోండి. ఈరోజే మీ డాక్టరుకు ఫోన్ చేసి ఇంట్లో పాజిటివ్ ఉందని చెప్పండి. దగ్గు, జ్వరం ఏది మొదలైనా రిపోర్టు కోసం ఆగకుండా ఓసెల్టమివిర్ ఇవ్వమని అడగండి, గర్భిణులకు అది ఇస్తారు. ఫ్లూ టీకా కూడా ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. రేపు మామగారి ఊపిరి లెక్క, మీరెలా ఉన్నారో ఇక్కడే రాయండి, చూస్తుంటాను.