వారానికో నీలం మాత్ర: మాన్పించవచ్చా?

ప్రశ్న: విజయవాడలో ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి బడిలో వారానికోసారి నీలం రంగు మాత్ర ఇస్తున్నారు. కడుపులో తిప్పుతోందని మింగడం లేదు. జామెట్రీ పెట్టెలో నాలుగు దొరికాయి. మాన్పించవచ్చా?

జవాబు: మాన్పించకండి, వేసుకునే వేళ మార్చి చూడండి. అది రక్తహీనత రాకుండా ఇచ్చే మాత్ర. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఖాళీ కడుపుతో వేసుకుంటేనే ఎక్కువగా వికారం పుడుతుంది. మధ్యాహ్న భోజనం తర్వాత మింగమనండి. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, అది ఇనుము రంగే. మిగిలిపోయిన నాలుగూ ఒకేసారి మాత్రం వేయకండి.

ఈ వయసులో ఒళ్లు త్వరగా ఎదుగుతుంది, నెలసరితో రక్తమూ పోతుంది, అందుకే ఇనుము ఎక్కువ కావాలి. పిల్ల మెట్లెక్కగానే ఆయాసపడితే బెజవాడ ఎండల మీదకు నెట్టేస్తాం, కానీ అది రక్తహీనత కావచ్చు. కింది కనురెప్ప లోపలి భాగం పాలిపోయి ఉందేమో చూడండి. అనుమానముంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల కంటే తక్కువుంటే వారానికో మాత్ర చాలదు, మోతాదు డాక్టరే చెప్పాలి.

అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, కనీసం గంట ఆగాలి. పప్పులో నిమ్మకాయ పిండినా, భోజనం తర్వాత జామకాయ తిన్నా ఇనుము బాగా పడుతుంది. కడుపులో పురుగులున్నా రక్తం తగ్గుతుంది, అందుకే బడిలో నులిపురుగుల మాత్ర ఇచ్చే రోజు సెలవు పెట్టించకండి. మగపిల్లలకూ రక్తహీనత వస్తుంది, ఇంట్లో తమ్ముడుంటే వాడినీ చూపించండి.