చెనిక్కాయ వేస్తానన్నావట

అమ్మాయీ,

ఉద్యోగం మానేసి ఈ జూన్‌లో మన ఎర్రచేలో చెనిక్కాయ వేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, తెల్లారాక నలుగురికీ గొప్పగా చెప్పుకున్నదీ నేనే అనుకో.

విత్తనశుద్ధి, ఎరువు, కలుపు ఎవరైనా చెబుతారు. నాకు టెన్షన్ వాన గురించే. ఏప్రిల్‌లో వాతావరణ శాఖ చెప్పే శాతం దేశం మొత్తానికి, నాలుగు నెలలకీ కలిపి. దాన్ని చూసి మన చేను లెక్క వేయకు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే కురిసేసి ఇటొస్తాయి, అందుకే అనంతపురానికి ఏడాదంతా కలిపినా సగటున 550 మిల్లీమీటర్లే. పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానను దెబ్బతీసే ఎల్‌నినో అంటే భయమే, 2009, 2015 చూశాం కదా. కానీ 1997లో అంత పెద్ద ఎల్‌నినోకీ దేశంలో వాన తగ్గలేదు, హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కి ఆదుకుంది.

2002లో నువ్వు చంటిపిల్లవి. జూన్‌లో మంచి పదును పడింది. ఆగరా అంటున్నా వినకుండా మీ నాన్న ఉన్న విత్తనమంతా ఒక్కసారే గొర్రుతో వేసేశాడు. మొలక చూసి ఊరంతా మెచ్చుకుంది. జూలైలో దేశం మొత్తానికే వాన దాదాపు సగం పడిపోయింది, మన ఊళ్లో అయితే ఒట్టి గాలి. పూత వచ్చింది గానీ నేల గట్టిపడి, మట్టిలోకి దిగి కాయ కట్టాల్సిన ఊడలు దిగలేదు. తర్వాత వాన పడ్డా మళ్లీ విత్తడానికి ఇంట్లో గింజ లేదు. పౌరుషానికి పోయి అప్పు చేసి బోరు వేయించాడు, ఎండిపోయింది, ఇంకోటి వేయించాడు, అదీ అంతే. ఆ అప్పు తీర్చడానికే వాడు బెంగళూరులో వాచ్‌మన్‌గా చేరాడు. నువ్వు అక్కడే ఇంజనీరువయ్యావు, అది వేరే సంగతి.

అందుకే సగమే విత్తు, అదీ జూలైలో, నేల బాగా తడిశాక. మనకు వాన ఎక్కువ పడేది సెప్టెంబరులో, కాయ ఊరేది అప్పుడైతే మేలు. మధ్యలో కంది సాళ్లు పెట్టు. జూలై దాటిపోతే చెనిక్కాయ మాట వదిలేసి ఉలవలు చల్లుకో, నామోషీ ఏం లేదు.

బోరు మాత్రం వద్దు. చేతిలో కొబ్బరికాయ లేచి నిలబడింది, ఇక్కడ నీళ్లున్నాయని ఎవడు చెప్పినా సరే, వద్దంటే వద్దు.

ఇంత పెద్ద సంగతి మీ అమ్మతో చెప్పిస్తావా? నువ్వే ఫోన్ చెయ్యి. విత్తనకాయల సంచి విప్పించి చూడకుండా మాత్రం డబ్బులివ్వకు.

మీ పెదనాన్న