మూడు కొటేషన్లు వచ్చాయి, తక్కువ రేటు వాడికి ఆర్డర్ ఇచ్చేయొచ్చా?

కొత్తగా ఎన్నికైన సర్పంచ్ గారు అడిగింది ఇదీ: వీధి లైట్లకి, బ్లీచింగ్ పౌడర్‌కి మూడేసి కొటేషన్లు వచ్చాయి, సప్లయర్లు ఎవరో తెలీదు, పంచాయతీ డబ్బు మునగకుండా ఏం చూసుకోవాలి?

ముందు ఆ మూడు కొటేషన్లూ నిజంగా ముగ్గురివేనా చూడండి. మూడు జీఎస్టీ నంబర్లనీ ఒకదాని కింద ఒకటి రాసుకోండి. 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్: తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. మూడు నుంచి పన్నెండు దాకా ఉన్నది పాన్. ఆ పదీ రెండింట్లో కలిశాయంటే బోర్డులు వేరైనా కొట్టు ఒక్కటే. బావమరిది పేరున పెట్టిన ఫర్మ్ మాత్రం ఇలా దొరకదు. దానికి ఫోన్ నంబరు, అడ్రసు, అచ్చుతప్పులు చూడాలి. మూడింట్లోనూ ఒకే మాట ఒకేలా తప్పుపడితే మూడూ ఒక కంప్యూటర్లో పుట్టినవే.

తర్వాత జీఎస్టీ సైట్లో ఆ నంబరు కొట్టండి, లాగిన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉందా, ఎప్పుడు తీసుకున్నాడు, రిటర్న్‌లు వేస్తున్నాడా అన్నీ కనిపిస్తాయి. ట్యాక్స్‌పేయర్ రకం దగ్గర కాంపోజిషన్ (చిన్న వ్యాపారుల పన్ను స్కీమ్) అని ఉంటే అతను బిల్లులో జీఎస్టీ వేయకూడదు. వేశాడంటే ఆ జీఎస్టీ డబ్బంతా అతని జేబులోకే.

ఎక్కువ డబ్బు పోయేది సరుకు దిగేచోట. బిల్లు 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) అడిగి, అందులో ఉన్న బండి నంబరూ ఎదురుగా ఉన్న బండి నంబరూ ఒకటేనా చూడండి. లైట్లలో మోసం వాట్లలో ఉంటుంది: పెట్టె మీద 24 ఉంటుంది, లోపలిది 15 లాగుతుంది. ప్రతి అట్టపెట్టెలోంచీ ఒకటి తీసి వాట్‌మీటర్ పెట్టండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద 'ఆర్'తో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, వచ్చిన కంపెనీ పేరుని పెట్టెతో పోల్చుకోండి. బ్లీచింగ్‌కి కాటా ఒక్కటే చాలదు. తేమకీ ఎండకీ పడున్న పౌడర్లో క్లోరిన్ పోతుంది, బరువు తగ్గదు. తయారీ తేదీ పాతదై, ఘాటు లేక గడ్డకట్టిన బస్తాలుంటే దించుకోకండి. అనుమానముంటే శాంపిల్‌ని ల్యాబ్‌కి పంపి, రిపోర్ట్ వచ్చేదాకా బిల్లు ఆపండి.

స్టాక్ రిజిస్టర్ బండి దగ్గరే, లెక్కపెట్టి రాయించండి. బిల్లొచ్చాక రాస్తే బిల్లులో అంకే రిజిస్టర్లోకి ఎక్కుతుంది. "బిల్లు రెండుగా చేద్దాం సార్, టెండర్ గోల ఉండదు" అనే సప్లయర్ని అక్కడే ఆపేయండి. టెండర్ తప్పించుకోడానికి బిల్లు విడగొట్టారని ఆడిట్‌లో అభ్యంతరం పడేది మీ మీద, అతని మీద కాదు.

చెల్లింపులకి మీ సంతకంగా పనిచేసే డిజిటల్ కీ, దాని పిన్ కంప్యూటర్ ఆపరేటర్ దగ్గర ఉంచొద్దు. ఇది చాలాచోట్ల మామూలైపోయింది. "మా అకౌంట్ మారింది, ఇక దీనికి వేయండి" అని సప్లయర్ పేరున లెటర్ వస్తే అందులో ఉన్న ఫోన్‌కి కాకుండా పాత ఫైల్లో ఉన్న నంబరుకే చేసి కనుక్కోండి. అప్పటికే డబ్బు వెళ్ళిపోయి ఉంటే ఆ నిమిషమే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్), మీ బ్యాంకుకీ ఫోన్ చేయండి. ఆలస్యమైతే ఈలోపే అవతలివాడు డ్రా చేసేస్తాడు.