శుక్రవారం ఉన్నట్టుండి ఆపేయకండి

ప్రశ్న: నాకు ఆరేళ్లప్పుడు విజయవాడ నుంచి న్యూజెర్సీ వచ్చేశాం. ఇప్పుడు 24. అమ్మానాన్నలతోనే ఉంటున్నాను. ఏడాదికి పైగా రోజూ రాత్రి గది తలుపేసుకుని వోడ్కా తాగుతున్నాను. 750 మి.లీ. సీసా రెండు రోజులు వస్తుంది. పొద్దున్నే చేతులు వణుకుతాయి. ఇంట్లో తెలియదు. ఆఫీసులో నేను ఇండియన్ అమ్మాయిని, ఊరెళితే అమెరికా పిల్లని. తాగితే రెండూ గుర్తుండవు. రెండు నెలల్లో పెదనాన్న కూతురి పెళ్లికి విజయవాడ వెళ్లాలి, అక్కడే నాకూ సంబంధాలు చూస్తారట. ఈ శుక్రవారం నుంచి ముట్టకూడదనుకుంటున్నాను. ఎవరికీ చెప్పకుండా మానేయగలనా?

జవాబు: మానేయగలరు. కానీ ఒంటరిగా, ఉన్నట్టుండి మాత్రం వద్దు. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. మీ సీసాలో అలాంటివి సుమారు 17 ఉంటాయి. అంటే రోజుకు ఎనిమిదికి పైనే. ఆడవాళ్లు వారానికి ఎనిమిది తాగితేనే అక్కడి వైద్యులు దాన్ని అధికం అంటారు. పొద్దుటి వణుకు భయం వల్ల వచ్చేది కాకపోవచ్చు. రాత్రి తాగింది దిగిపోతుంటే ఒళ్లు మళ్లీ మందు అడుగుతోందన్నమాట.

ఇంతగా అలవాటుపడ్డ ఒంటికి ఒక్కసారిగా ఆపితే మొదటి రోజే చెమటలు, గుండెదడ, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. ఇది ప్రాణాంతకం. తలుపేసుకున్న గదిలో ఫిట్స్ వస్తే చూసేవాళ్లెవరు? అందుకే ముందు డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఫోన్‌లోనే అన్నీ చెప్పండి: రోజుకు ఎంత, చివరిగా ఎన్నింటికి తాగారు, వణుకు, ఇదివరకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, నిద్రమాత్రలేమైనా వాడుతున్నారా. సిగ్గుపడి సగమే చెబితే మందుల మోతాదు కూడా తప్పుతుంది. డాక్టరును కలిసేదాకా ఇప్పుడు తాగేదానికి మించి తాగవద్దు, అలాగని ఒక్కసారిగా మానవద్దు. కడుపు నిండా తినండి, కారు తీయకండి. ఫిట్స్, జ్వరం, మతి తప్పడం కనిపిస్తే 911కి ఫోన్ చేయాల్సిందే.

మొదటి వారం గడిచాక కోరిక తగ్గించే మందుల గురించి అడగండి. నాల్ట్రెక్సోన్ మామూలుగా రోజుకు 50 మి.గ్రా. మాత్ర, నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ కూడా ఉంది. లివర్ పరీక్ష చేసి మొదలుపెడతారు. ఓపియాయిడ్ నొప్పి మాత్రలు వాడేవాళ్లకు ఇది పనికిరాదు, కాబట్టి పన్ను పీకించుకునేటప్పుడు కూడా ఈ సంగతి డెంటిస్టుకు చెప్పాలి. లివర్ బాగాలేకపోతే అకాంప్రోసేట్ ఉంది, దానికి కిడ్నీలు సరిగా పనిచేయాలి.

ఇక రహస్యం సంగతి. 24 ఏళ్లున్న మీ విషయం మీ అనుమతి లేకుండా డాక్టరు ఇంట్లో చెప్పరు. గుట్టు బయటపడేది ఇన్సూరెన్స్ దగ్గర. మీరు నాన్నగారి పాలసీలో ఉంటే, ఏ వైద్యానికి ఎంత చెల్లించారో చూపే కాగితం ఆయన పేరున వస్తుంది, ఆయన లాగిన్‌లోనూ కనబడుతుంది. కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి, ‘కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్’ కావాలని, ఉత్తరాలు మీ సొంత ఈమెయిల్‌కో వేరే చిరునామాకో పంపమని అడగండి. మొదటి అపాయింట్‌మెంట్‌కు ముందే ఈ పని కావాలి.

అయినా అమ్మకు చెప్పమనే నా సలహా. మొదటి వారం రాత్రిళ్లు పక్కన మనిషి ఉండాలి. మన ఇళ్లలో ఈ జబ్బున్నవాళ్లను ఎక్కువగా ‘తాగుబోతు’ అంటారు, అది తిట్టు. దాని జోలికి పోకుండా ఇలా అనండి: “అమ్మా, రోజూ రాత్రి మందు తాగుతున్నాను. నా అంతట నేను ఆపలేకపోతున్నాను. మంగళవారం డాక్టరు దగ్గరికి తోడు రా.” రోజు, పని రెండూ చెబితే ఏడుపు తర్వాతైనా ఆవిడ చేయడానికి ఒకటుంటుంది. “మీ కోసమే ఈ దేశం వచ్చాం” అనవచ్చు. ఆ రాత్రి దానికి జవాబివ్వకండి. “పెళ్లయితే సర్దుకుంటుంది” అంటే మాత్రం ఒప్పుకోకండి. కనీసం ఆరు నెలలు సంబంధాల మాట వద్దనండి. నాన్నగారి బేస్‌మెంట్‌లో సీసాలుంటే తీయించండి. శనివారం అంకుల్స్ అందరూ కలిసి తాగితే సరదా, ఆడపిల్ల తాగితే పరువు పోవడం అనే ఆ ఇంటి లెక్క మీద గొడవ తర్వాత పడవచ్చు.

‘నేనెవరిని’ అన్న ప్రశ్న చిన్నది కాదు. కానీ రోజూ తాగుతున్నప్పుడు దిగులులో మందు వాటా ఎంతో, మీ వాటా ఎంతో తేలదు. మానిన మూడు నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోండి, చాలామందికి అప్పటికి కొంత తేలికపడుతుంది. అప్పటికీ తగ్గకపోతే డిప్రెషన్‌కు విడిగా చికిత్స. చావాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజూ ఆగకుండా, అలాంటి సమయంలో ఆదుకునే అమెరికా హెల్ప్‌లైన్ 988కి ఫోనో మెసేజో చేయండి. థెరపిస్టును ఎంచుకునేటప్పుడు వలస కుటుంబాల పిల్లలతో పనిచేశారా అని అడగండి. మొదటి మాటే “ఇల్లు వదిలి వెళ్లిపో” అనేవాళ్లకు మన ఇళ్లు తెలియవు. తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగుల్లో దేవుడి ప్రస్తావన ఇబ్బందిగా ఉంటే, మతం లేని స్మార్ట్ రికవరీ బృందాలున్నాయి.

పెళ్లికి వెళ్లాలా? అప్పటికి నెల రోజులైనా తాగకుండా గడిపి, డాక్టరు సరేనంటేనే. మాత్రలు చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోండి. విజయవాడ చేరాక నిద్ర పట్టని మొదటి రాత్రుల్లో ఒంటరిగా పడుకోకండి, విషయం తెలిసిన చెల్లెలో వదినో గదిలో ఉండాలి. ఒక ముఖ్యమైన సంగతి: డ్యూటీ ఫ్రీలో ఒకరికి రెండు లీటర్లు తేవచ్చని బాబాయిలందరికీ తెలుసు. “రెండు బాటిళ్లు పట్రామ్మా” అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. “నా సంచిలో చోటు లేదు బాబాయ్, నాన్నను అడుగు” అనండి చాలు.