300 ఫోటోలు పంపితే ఎవరు చూస్తారు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఈ వేసవిలో మా అమ్మాయి కుటుంబంతో కలిసి రోమ్, తివోలి, ఫ్లోరెన్స్ చూసి వచ్చాము. పాత భవనాలవీ, ఉద్యానవనాలవీ కలిపి 1,100 ఫోటోలు తీశాను. అందులో 300 ఏరి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడితే రెండు మూడు బొటనవేళ్ల బొమ్మలు తప్ప స్పందన లేదు. మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అన్నీ ఫౌంటెన్లే, ఏది ఏదో తెలియడం లేదు" అన్నాడు. తివోలిలోని విల్లా దెస్తేలో తీసిన 40 ఫోటోలు మీకు పంపుతున్నాను. లోపం ఎక్కడుందో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: 40 ఫోటోలూ వరుసగా చూశాను. విడివిడిగా చూస్తే చాలావరకు బాగున్నాయి. నాచు పట్టిన రాతి ముఖం నోటి నుంచి నీరు జారుతున్న ఫోటోను నేనైతే పటం కట్టించుకునేవాడిని. అయినా మీ తమ్ముడిగారి మాటలో న్యాయముంది. సగానికి పైగా ఫోటోలు నీటిధారలకు బాగా దగ్గరగా తీసినవే. ఆ తోట ఎటు నుంచి ఎటు సాగుతుందో, ఏది దేనికి ఎదురుగా ఉందో వాటిలో తెలియదు.

విల్లా దెస్తే కొండవాలుకు పరిచిన తోట. 1550లో తివోలికి గవర్నరుగా వచ్చిన కార్డినల్ (కాథలిక్ చర్చి ఉన్నత మతాధికారి) ఇప్పోలితో దెస్తే దీనిని తలపెట్టగా, వాస్తుశిల్పి పిర్రో లిగోరియో రూపకల్పన చేశాడు. అనియెనె నది నీటిని మళ్లించి, ఊరి కిందుగా తెచ్చి, తోట పై అంచెల నుంచి కిందికి వదిలారు. పదుల సంఖ్యలో ఉన్న ఆ ఫౌంటెన్లకు పంపులు లేవు. నీరు పల్లమెరుగు అన్న ఒక్క సూత్రం మీదనే అవన్నీ ఎగసిపడేలా కట్టారు. కాబట్టి వాలు కనిపించని ఫోటోలో ఆ తోట సగమే ఉన్నట్టు లెక్క.

ఇంకొక చిక్కు కూడా ఉంది. నేడు మనం భవనంలోంచి ప్రవేశించి పై నుంచి కిందికి దిగుతాము. 16వ శతాబ్దపు అతిథులు మాత్రం కింది ద్వారం గుండా వచ్చి, అంచెలంచెలుగా ఎక్కుతూ, చివరకు కార్డినల్ నివాసానికి చేరేవారు. తోటను గీసినవారు మనసులో ఉంచుకున్నది ఆ ఎక్కుడు దారినే. మీరు తీసిన క్రమంలోనే పంపడం వల్ల చూసేవారికి కథ వెనక నుంచి చెప్పినట్టయింది. క్రమాన్ని తిరగేసి, సైప్రస్ చెట్ల మధ్య నిలబడి పైనున్న భవనాన్ని తీసిన ఫోటోను మొదట పెట్టండి. ఆపై ఆరేడు చాలు.

వాటిలో నూరు ఫౌంటెన్ల బాటకు రెండు ఫోటోలు కేటాయించవచ్చు. మీరు అక్కడ ఒక్కొక్క ధారనూ విడిగా తీశారు గానీ, ఆ బాట అసలు విశేషం దాని రెండు కొసలలో ఉంది. ఒక కొసన ఉన్న అండాకారపు ఫౌంటెన్ తివోలికి గుర్తు. రెండో కొసన ఉన్న రోమెత్తా, పేరుకు తగినట్టే, చిన్న రోము నగరం. నడుమ మూడు వరుసలుగా పారే నీరు తివోలి కొండల నుంచి రోముకు సాగే జలాలను సూచిస్తుంది. ఒక కొసన నిలబడి బాట పొడవునా ఒక ఫోటో, పై వరుసలోని డేగ బొమ్మకు దగ్గరగా ఇంకొకటి పెట్టి, ఆ డేగ కార్డినల్ పుట్టిన ఎస్తే వంశపు చిహ్నమని ఒక వాక్యం రాస్తే మీ తమ్ముడిగారు తప్పక ఆగి చూస్తారు.

వాక్యాలు రాసేటప్పుడు తేదీల విషయంలో జాగ్రత్త అవసరం. నెప్ట్యూన్ ఫౌంటెన్ కింద మీరు "16వ శతాబ్దం" అని రాశారు. తోట అప్పటిదే గానీ, నేడు కనిపించే ఆ హోరుజలపాతం, 17వ శతాబ్దంలో శిల్పి బెర్నీని చేసిన పని అవశేషాలను కలుపుకొని, 20వ శతాబ్దంలో రూపుదిద్దుకున్నది.

ప్రశ్న: ఇటలీలో తీసిన ఫోటోలతో క్యాలెండర్ వేయించి బంధువులకు ఇవ్వాలని ఉంది. మిత్రుడొకరు అమ్మకానికి కూడా పెట్టమంటున్నారు. చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బంధువులకు ఉచితంగా ఇవ్వడానికి ఇబ్బంది లేదు. అమ్మకం వేరే సంగతి. ఇటలీలో 2004 నాటి సాంస్కృతిక వారసత్వ చట్టం ప్రకారం, ప్రభుత్వ అధీనంలోని చారిత్రక కట్టడాల, కళాఖండాల చిత్రాలను లాభం కోసం వాడాలంటే వాటిని నిర్వహించే సంస్థ అనుమతి తీసుకుని రుసుము చెల్లించాలి. 2014లో చేసిన సవరణ సొంతానికీ, చదువుకూ తీసే ఫోటోలకు వెసులుబాటు ఇచ్చింది. అయితే ఫ్లాష్, ట్రైపాడ్ వాడకూడదు. ఉదాహరణకు, ఫ్లోరెన్స్‌లోని డేవిడ్ శిల్పాన్ని చెక్కిన మైకెలాంజెలో 1564లోనే మరణించాడు, ఇంకా హక్కులేమిటి అనిపించవచ్చు. ఇది శిల్పి హక్కు కాదు, ఆ శిల్పాన్ని కాపాడుతున్న సంస్థ హక్కు. ఆయన చెక్కిన డేవిడ్ చిత్రాన్ని అనుమతి లేకుండా పత్రిక ముఖచిత్రంగా వాడిన ప్రచురణ సంస్థ పరిహారం చెల్లించాలని ఫ్లోరెన్స్ న్యాయస్థానం 2023లో తీర్పునిచ్చింది. ఈ నియమం అతిగా ఉందని నాకూ అనిపిస్తుంది గానీ, అనుమతి లేకుండా క్యాలెండర్ అమ్మమని మాత్రం చెప్పలేను.

ప్రశ్న: ఫోన్‌తో తీస్తే గోపురాలు వెనక్కి వాలినట్టు వస్తున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఎత్తయిన కట్టడం చట్రంలో పట్టాలని ఫోనును పైకి వంచుతాము, దానితో నిలువు గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఫోనును నిటారుగా పట్టుకుని వెనక్కి జరగాలి. ఫ్లోరెన్స్ కేథడ్రల్ చుట్టూ ఉన్న ఇరుకు వీధులలో అంత చోటు దొరకదు కాబట్టి, పక్కనే ఉన్న జొత్తో గంట గోపురం ఎక్కడమే మేలు. కేథడ్రల్ మీద బ్రునెలెస్కి కట్టిన గుమ్మటం అక్కడి నుంచి ఇంచుమించు కంటి ఎత్తులో, వంకర లేకుండా కనిపిస్తుంది. దాని శిఖరం దగ్గర నిలబడిన మనుషులు చీమలంత ఉండి, కట్టడం ఎంత పెద్దదో ఫోటోయే చెబుతుంది. పైన కట్టిన జాలీ అడ్డు రాకుండా కెమెరా కన్నును దాని సందుకు ఆనించి తీయండి. మెట్లు 414, లిఫ్టు లేదు.