ఎస్‌పి మాత్రలు ఇంటికి తెచ్చుకోకండి, నర్సు ముందే మింగెయ్యండి

మీ ప్రశ్న చూడగానే నా మొదటి కాన్పు గుర్తొచ్చి చేస్తున్న పని ఆపేసి రాస్తున్నా. కంపాలాలో ఉంటున్నారు, 18వ వారం, జ్వరం గిరం ఏమీ లేదు, అయినా మలేరియా రాకుండా అని క్లినిక్‌లో ఎస్‌పి (సల్ఫాడాక్సిన్, పైరిమెథమిన్ కలిసిన మలేరియా మందు) మాత్రలు మూడిచ్చి ఇంటికెళ్లి ఒకేసారి వేసుకోమన్నారు, ఇండియా నుంచి అమ్మ వద్దంటోంది, వేసుకోవాలా వద్దా అని కదా మీరడిగింది. వేసుకోండి. సల్ఫా మందులు పడనివాళ్లకి, హెచ్‌ఐవి ఉండి కోట్రైమాక్సజోల్ (అదీ సల్ఫా మందే) వాడుతున్నవాళ్లకి ఇవ్వరు, మీరు ఆ రెండిట్లోనూ లేకపోతే ఇంక ఆలోచించేదేం లేదు. జ్వరం లేకపోయినా ఇవ్వడమే దీని పద్ధతి.

నేను టాంజానియాలో మ్వాంజాలో ఉండేదాన్ని, మీదీ మాదీ ఒకే విక్టోరియా సరస్సు ఒడ్డు. 2016లో మా బాబు కడుపులో ఉన్నప్పుడు అచ్చం మీలాగే ఒక ప్రైవేట్ క్లినిక్‌లో మూడు మాత్రలు కాగితం పొట్లంలో కట్టి చేతిలో పెట్టారు. ఎందుకో చెప్పలేదు, ఇక్కడే వేసుకోమనీ అనలేదు. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేస్తే అమ్మ తెలిసిన డాక్టరమ్మని అడిగింది, ఆవిడ "మన దగ్గర అలా ఇవ్వం" అందట. అమ్మ నాకు చెప్పేసరికి అది "డాక్టరమ్మ వద్దంది" అయిపోయింది. ఆ డాక్టరమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు, ఇండియాలో గర్భిణికి జ్వరమొస్తే రక్తపరీక్ష చేసి మలేరియా తేలితే అప్పుడు మందిస్తారు, ముందస్తుగా ఎస్‌పి ఇచ్చే పద్ధతి మనకి లేదు. కానీ నేనుంటున్నది ఇండియాలో కాదు కదా, ఆ చిన్న సంగతి నాకూ తట్టలేదు, అమ్మకీ తట్టలేదు. పొట్లం హ్యాండ్‌బ్యాగ్ పక్క జిప్‌లో పెట్టి మర్చిపోయా. మా ఆయన అడిగితే వేసుకున్నా అని చెప్పేశా.

26వ వారంలో ఒక రాత్రి చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, మంచం ఊగుతోందేమో అనిపించేంత వణుకు, కాసేపటికి ఒళ్లంతా సెగ. తెల్లవారుజామున మూడింటికి ఆయన హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. కౌంటర్ దగ్గర ఇన్సూరెన్స్ కార్డు అడిగారు, అది ఎక్కడుందో చెప్పే ఓపిక నాకు లేదు, ఆయన కంగారులో బ్యాగ్ మొత్తం కౌంటర్ మీద బోర్లించేశారు. తాళాలు, దువ్వెన, బిల్లులు, వాటితోపాటు ఆ పొట్లం. అక్కడున్న నర్సు దాన్ని విప్పి చూసింది. మూడు తెల్ల మాత్రలు, ఒకదాని అంచు పొడి రాలిపోయి ఉంది. పొట్లం మీద రాసున్న తేదీ చదివి నా వైపు తిరిగి "హుకుమేజా?" అంది. నా స్వాహిలీ అంతంతమాత్రమే అయినా మింగలేదా అని అడుగుతోందని తెలిసింది. ఆవిడ తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. మా ఆయన మాత్రం ఆ మాత్రల వంకా నా వంకా చూస్తూ ఉండిపోయారు. జ్వరం కన్నా ఆ చూపే నాకు ఎక్కువ గుర్తు.

వేలు పొడిచి కిట్‌తో చేసిన టెస్టు పాజిటివ్. హిమోగ్లోబిన్ 7.4. అప్పుడిక ట్రీట్‌మెంట్, అక్కడ ఆలు అంటారు, ఆర్టెమెథర్ లూమెఫాంట్రిన్ అనే మలేరియా మాత్రలు, పూటకి నాలుగు చొప్పున రోజుకి రెండు పూటలు, మూడు రోజులు. మూడు మాత్రలు బిడ్డకి పడవేమో అని దాచుకుంటే చివరికి 24 మింగాల్సి వచ్చింది, అదీ బిడ్డకి ఏమైందో తెలియని భయంతో. బాబు 37వ వారంలో పుట్టాడు, 2.1 కేజీలు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, కానీ మొదటి మూడు నెలలు వాడి బరువు చూసే ప్రతిసారీ నాకు ఆ పొట్లమే కళ్ల ముందు కనిపించేది.

తర్వాత అక్కడి డాక్టర్ కూర్చోబెట్టి చెప్పారు. ఈ ఫాల్సిపారం అనే రకం మలేరియా క్రిమి ఉన్న ఎర్ర రక్తకణాలు వెళ్లి మాయకి అతుక్కుంటాయట. వేలి రక్తంలో ఏమీ కనపడకపోవచ్చు, మాయలో మాత్రం నిండా ఉండొచ్చు. తల్లికి రక్తం తగ్గిపోతుంది, బిడ్డకి అందాల్సింది సరిగ్గా అందదు, బరువు తక్కువగా పుడతారు. చిన్నప్పట్నుంచీ అక్కడే పెరిగి మలేరియాని తట్టుకునే శక్తి వచ్చిన ఆడవాళ్లకి కూడా మొదటి కాన్పులో ఆ శక్తి సరిపోదు, ఎందుకంటే మాయకి అతుక్కునే రకాన్ని వాళ్ల ఒళ్లు అంతకు ముందు చూసి ఉండదు. పైగా వాళ్లకి చాలాసార్లు జ్వరం కూడా రాదు. జ్వరమొస్తే చూద్దాంలే అనుకుంటే కుదరదని అప్పుడు అర్థమైంది. అందుకే 13 వారాలు దాటాక ప్రతి చెకప్‌లోనూ ఎస్‌పి, డోసుకీ డోసుకీ మధ్య కనీసం నెల ఉండేలా, కాన్పయ్యేలోపు మూడుకి తగ్గకుండా ఇవ్వమని డబ్ల్యూహెచ్‌ఓ 2012 నుంచీ చెబుతోంది, అంతకు ముందు రెండు డోసులే ఉండేవి.

మీ అమ్మగారి భయం ఊరికే వచ్చింది కాదు. ఎస్‌పిలో ఉండే పైరిమెథమిన్ ఫోలేట్‌కి, అంటే బిడ్డ ఎదుగుదలకి కావాల్సిన ఫోలిక్ యాసిడ్ విటమిన్‌కి, అడ్డుపడుతుంది, అందుకే మొదటి మూడు నెలల్లో ఇవ్వరు. మీది 18వ వారం, ఆ గండం దాటేశారు, ఈ ముక్క ఆవిడకి నెమ్మదిగా చెప్పండి, వింటారు. కాకపోతే ఫోలేట్ అన్నాక ఇంకోటి చెప్పాలి, మనవాళ్లు ఎవరూ పట్టించుకోరు దీన్ని. ఇండియా నుంచి వచ్చేవాళ్లతో 5 ఎంజి ఫోలిక్ యాసిడ్ స్ట్రిప్పులు తెప్పించుకుని రోజూ వేసుకుంటాం కదా, ఆ డోసు ఎస్‌పి పనిచేయకుండా అడ్డుపడుతుంది. రోజుకి 0.4 ఎంజి అయితే ఇబ్బంది లేదు. 2019లో పాప కడుపున పడ్డప్పుడు నేను ఆ ప్రైవేట్ క్లినిక్ మానేసి గవర్నమెంట్ డిస్పెన్సరీకి వెళ్లా, జహనాతి అంటారు అక్కడ. ఇంట్లో ఏమేం వాడుతున్నావో అన్నీ చూపించమని నర్సు అడిగితే ఈ స్ట్రిప్ బయటపడింది, పక్కన పెట్టించి తక్కువ డోసు ఫోలిక్ ఉన్న ఐరన్ మాత్రలు ఇచ్చింది. ఎస్‌పి మాత్రం చేతికివ్వలేదు, గ్లాసు నీళ్లిచ్చి "మేజా" అని ఎదురుగా నిలబడింది, మింగాక కార్డులో తేదీ వేసింది. అలా నాలుగు డోసులు. పాప 2.9 కేజీలు. రెండో కాన్పు కాబట్టి బరువు పెరిగిందని మా వదిన అంటుంది, ఎవరేమన్నా అది ఆ మాత్రల చలవే అని నా నమ్మకం.

ఇంటికిచ్చి పంపే క్లినిక్‌ల మీద నాకు కోపం అందుకే. అర నిమిషం నిలబడి మింగించడానికి ఏమైంది? ఇంటికెళ్తే ఫోనుంటుంది, అమ్మ ఉంటుంది, అత్తగారుంటారు, వాట్సాప్‌లో ఎవరో పెట్టిన మెసేజ్ ఉంటుంది, ఇన్ని దాటుకుని ఆ మాత్ర నోట్లోకి వెళ్లాలి. ఇంకా మన తెలుగు కుటుంబాల్లో మాది మూడో అంతస్తు, ఏసీ ఉంది, దోమలు రావు అని క్లినిక్‌లో ఇచ్చిన దోమతెర అటక మీద పడేసేవాళ్లు ఎంతమందో. సాయంత్రం బాల్కనీలో కూర్చున్నప్పుడో, కరెంటు పోయి కిటికీలు తీసినప్పుడో కుట్టడానికి ఒక్క దోమ చాలదా? మాత్రలు వేసుకుంటున్నాం కదా అని తెర మానకూడదు, రెండూ ఉండాలి.

ఈ మందు పాతబడింది, తూర్పు ఆఫ్రికాలో దీనికి లొంగని మలేరియా ఎక్కువ అని ఇక్కడే ఎవరో ఒకరు రాస్తారు, ముందే చెప్తున్నా, అది నిజమే. డీహెచ్ఏ పైపరాక్విన్ అనే వేరే మందుతో పోల్చి కెన్యా, మలావి, టాంజానియాల్లో ట్రయల్ చేశారు కూడా. మలేరియాని ఆపడంలో కొత్తదే మెరుగు, అయినా పుట్టిన పిల్లల బరువు చూస్తే ఎస్‌పి ఏమీ తీసిపోలేదు, ఇంకా కాస్త మెరుగే. అందుకే ఇప్పటికీ అదే ఇస్తున్నారు.

మీ దగ్గరున్న ఆ మూడు మాత్రలు, వాడుతున్న మిగతా మందులు అన్నీ ఒక కవర్లో వేసుకుని రేపే క్లినిక్‌కి వెళ్లండి, ఫోలిక్ యాసిడ్ స్ట్రిప్ మర్చిపోకండి. సల్ఫాతో ఎప్పుడైనా దద్దుర్లు వచ్చుంటే ముందే చెప్పండి. తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు, నాకైతే మొదటిసారి కాస్త కడుపులో తిప్పింది, గంటలో సర్దుకుంది. నర్సు ముందే మింగి, కార్డులో తేదీ వేయించుకుని, తర్వాతి డోసు ఎప్పుడో అడిగి రండి. వేసుకున్నాక ఇక్కడ ఒక ముక్క రాయండి, చూస్తుంటా.